కింది వరుస దీపాలు

విశ్వవిద్యాలయం, దృష్టి పరిశోధన విభాగం, నేలమాళిగ
జనవరి

అక్కకి,

ఫోన్ చేస్తే ‘కారులో ఉన్నా’ అని పెట్టేస్తావు. కారులో లేనప్పుడు ‘పొయ్యి మీద ఉంది’ అని పెట్టేస్తావు. పొయ్యి మీద ఏముందో మాత్రం చెప్పవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని పెట్టేయలేవు, మహా అయితే చింపుతావు.

ముందు ఒక మనవి. మీ డ్రైవింగ్ స్కూలుకి వచ్చే వాళ్ళందరికీ మా తమ్ముడు కళ్ళ డాక్టరని చెప్పడం మానెయ్. నేను వెలుతురు కొలుచుకునే ఫిజిక్స్ ప్రొఫెసర్ని. మొన్న నీ శిష్యురాలెవరో కంట్లో నలుసు పడిందని ఫోన్ చేసింది. నేను డాక్టర్ని కాదమ్మా అంటే, మరి అంత చదువు దేనికి చదివారని అడిగింది. జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఇక అసలు సంగతి. మా మిషను తయారైంది. మా విభాగం చూపు మీద పరిశోధన చేస్తుంది కాబట్టి మాకు కిటికీలు లేని గది ఇచ్చారు. ఆ గదిలో మూడేళ్ళు కూర్చుని చేశాం. అందరూ దాన్ని గిన్నె అంటారు, చూడ్డానికి అంతే మరి, పక్కకి తిప్పి నిలబెట్టిన పెద్ద తెల్ల గిన్నె. దాని ముందు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, మధ్యలో ఉన్న ఎర్ర చుక్కనే చూస్తూ కూర్చోవాలి. లోపల వరసలు వరసలుగా బుల్లి దీపాలుంటాయి. ఒక్కొక్కటీ మినుక్కుమంటుంది. కనపడితే మీట నొక్కాలి. నొక్కని చోట చూపు లేదన్నమాట. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉందో లేదో ఇలాగే తెలుస్తుంది. పెద్దాసుపత్రుల్లో ఉండే మిషనుకి ఒక గది కావాలి, మాది సంచీలో వేసుకుని వెళ్ళొచ్చు.

నువ్వొచ్చి కూర్చోవాలి అక్కా. నాన్నకి చివర్లో చూపు పోయింది దీనివల్లేనని నా అనుమానం. ఆయన మాత్రం ఆఖరిదాకా కరెంటు వాళ్ళు వోల్టేజి సరిగ్గా ఇవ్వడం లేదనే అన్నాడు. ఇది రక్తసంబంధీకుల్లో వచ్చే జబ్బు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పోయిన చోట చీకటి కూడా కనపడదు, మెదడు ఏదో ఒకటి అతికించి అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. పోయింది తిరిగి రాదు. ముందే పట్టుకుంటే చుక్కల మందుతో మిగిలింది కాపాడుకోవచ్చు.

నా సంగతి అడక్కు. నేను ప్రతి సోమవారం కూర్చుంటాను. దీపాల వెలుగు కొలిచే మీటరు ఒకటి కొనమని ఫైలు పెట్టాను. కొలిచే సాధనం అవసరం ఎంతుందో ముందు కొలిచి చూపించమన్నారు. అందుకని ఆ మీటరు నేనే. నాకు ఏ దీపం కనపడకపోతే ఆ బల్బు మందగించినట్టు లెక్క, మా టెక్నీషియన్ దాన్ని కాస్త పెంచుతుంది. నాకు అన్నీ కనపడ్డాకే పేషెంట్లని కూర్చోబెడతాం. నా కుర్చీకి మా విద్యార్థులు ‘ప్రామాణిక నేత్రం’ అని కాగితం అంటించారు.

మా గది గుమ్మం కట్టిన తాపీమేస్త్రీ ఎవడో గానీ ఒక అంగుళం ఎత్తు పెట్టాడు. వారానికోసారి తన్నుకుంటున్నాను. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


డ్రైవింగ్ స్కూలు, ముందు గది
జనవరి

చిరంజీవి ప్రామాణిక నేత్రానికి ఆశీస్సులు.

నా కళ్ళకి ఏ రోగమూ లేదు. వీధి చివర ఆగిన కారు నంబరు ఇక్కడ కూర్చుని చదువుతాను. కావాలంటే మీ మీటరు బదులు నన్ను పెట్టుకోండి, జీతం మాట్లాడుకుందాం.

నువ్వు దీపాలు చూసి మీట నొక్కుతావు, దానికి నిన్ను ప్రొఫెసరంటారు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోజూ రోడ్డెక్కుతాను, నన్ను మాత్రం ‘ఆ తిట్టే మేడం’ అంటారు. ఇప్పుడు నా దగ్గర ఒక బ్యాంకు మేనేజరు ఉన్నాడు, ఎడమకి తిప్పమంటే ముందు తన రెండు చేతులూ చూసుకుంటాడు. ఒక దర్జీ ఉంది, కుట్టుమిషను తొక్కినట్టు బ్రేకు తొక్కుతుంది. ఈవిడకి కళ్ళున్నాయా అని రోజుకి పదిసార్లు అరుస్తాను. పాపం తలూపి మళ్ళీ అలాగే తొక్కుతుంది.

ముందు బంపరు మళ్ళీ మార్చాం. మా వీధిలో మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు పక్కన పొట్టి రాళ్ళు పాతారు. మోకాలెత్తు కూడా లేవు, అవి ఎవడికి కనపడతాయి? మీ బావ ‘నాకు కనపడ్డాయే’ అన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

నువ్వు పిలిచావని నేను రావడం లేదు. డ్రైవింగ్ నేర్పేవాళ్ళ లైసెన్సు మళ్ళీ ఇవ్వాలంటే కళ్ళ పరీక్ష కాగితం తెమ్మంటున్నారు. మీ గిన్నె ఇచ్చే కాగితం చెల్లుతుందా? చెల్లుతుందంటే వస్తాను. నాన్న సంగతి నాకెందుకు గుర్తుచేస్తావు? ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది నేను, నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు.

అక్క


నేలమాళిగ
మార్చి

అక్కకి,

కాగితంతో పాటు ఇది పంపుతున్నాను. చెల్లుతుంది. విశ్వవిద్యాలయం ముద్ర ఉంటే ఈ రోజుల్లో చెల్లనిదేదీ లేదు.

నువ్వొచ్చి వెళ్ళి వారమైనా ఇక్కడ నీ గురించే మాట్లాడుకుంటున్నారు. పరీక్ష మధ్యలో టెక్నీషియన్‌ని ‘ఇంత మెల్లగా వెలిగిస్తే మీ దగ్గరికొచ్చిన వాళ్ళకి వయసైపోదా’ అని అడిగిన మొదటి పేషెంటువి నువ్వేనట. ఫలితం చూసుకో. రెండు కళ్ళూ, అన్ని వరసలూ, ఒక్క దీపం కూడా వదల్లేదు. నేను నిజంగానే ఊపిరి పీల్చుకున్నాను. ఆ రోజు నీతో అనలేదు గానీ, నువ్వు గిన్నె ముందు కూర్చున్నంతసేపూ నాకు నాన్నే గుర్తొచ్చాడు.

మా టెక్నీషియన్‌ని చూశావుగా, ఆవిడకి నేను పెట్టిన పేరు అనుమానం. అన్నీ అనుమానాలే. తను కూర్చుంటే పై వరసలు మిణుగురుల్లా ఉన్నాయి, కింది వరుస మాత్రం ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్లలా ఉందంటుంది. ఆ వరుస బల్బులే మంచి సరుకు కాదు, ప్రతి సోమవారం వాటినే పెంచాల్సి వస్తోంది. బల్బులు మార్పించాను, అయినా అంతే. ‘ఒకసారి వేరేవాళ్ళని కూర్చోబెడదామా సార్’ అంది. ఒక్కొక్కరి కన్ను ఒక్కో రకం, కొలత ఒకరిదే ఉండాలని పాఠం చెప్పాను. నోరు మూసుకుంది. నా పాఠాలకి ఆ శక్తి ఉంది.

జూన్‌లో రవాణా శాఖ కమిటీ వస్తోంది. వాళ్ళకి నచ్చితే గిన్నె ప్రతి లైసెన్సు ఆఫీసులోనూ ఉంటుంది. బస్సు డ్రైవర్లందరూ దీని ముందు కూర్చుంటారు. నీకు తమ్ముడిగా పుట్టినందుకు ఈ దేశానికి నేను చేసే సేవ ఇదీ.

నీ తమ్ముడు


డ్రైవింగ్ స్కూలు, ముందు గది
ఏప్రిల్

ఒరేయ్ తమ్ముడూ,

నీ కాగితానికి ఫ్రేము కట్టించి గుమ్మానికి ఎదురుగా తగిలించాను. లోపలికి వచ్చినవాడు ముందు దాన్ని చదవాలి, తర్వాతే చెప్పులు విప్పాలి. ‘మా తమ్ముడు చేసిన మిషనే’ అని ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను. నువ్వు డాక్టర్ కాదని కూడా చెప్తున్నాను, కానీ ఆ ముక్క కాస్త మెల్లగా చెప్తున్నాను.

నిజం చెప్పనా? నాకూ లోపల భయంగానే ఉండేది. నాన్న చివరి రోజుల్లో అమ్మ మొహం అనుకుని నా మొహం తడిమేవాడు. అది నేను ఎవరితోనూ అనలేదు. నీ కాగితం వచ్చిన రోజు హాయిగా పడుకున్నాను.

మీ బావకి మాత్రం ఈ మధ్య చాదస్తం ఎక్కువైంది. టీ కప్పు బల్ల అంచున పెట్టి నా మోచెయ్యి తగిలేదాకా ఊరుకుంటాడు. తగిలి పగిలాక, కొన్నాళ్ళు కారు పక్కన పెట్టకూడదా అంటాడు. కప్పుకీ కారుకీ ఏం సంబంధం? నేను గోడ మీద ఫ్రేము చూపిస్తాను. బంపరు సంగతి అడిగినా ఫ్రేమే చూపిస్తాను. ఇంట్లో ఇంత పనికొచ్చే వస్తువు నువ్వు ఇదివరకెప్పుడూ ఇవ్వలేదు.

దర్జీ ఇంకా నేర్చుకుంటూనే ఉంది. ఆవిడకి లైసెన్సు వచ్చేసరికి నేను రిటైరవుతాను.

అక్క


నేలమాళిగ
మే

అక్కకి,

కాలు మడమ దగ్గర బెణికింది. చివరి మెట్టు అయిపోయిందనుకున్నాను, అది ఇంకా ఉంది. ఈ భవనంలో మెట్లన్నీ ఒకే రంగు, ఆర్కిటెక్టుకి పట్టా ఇచ్చింది కూడా మా విశ్వవిద్యాలయమే కాబట్టి పైకి ఏమీ అనలేను. నీ మరదలు ఒకసారి కళ్ళు చూపించుకోమంది. నవ్వొచ్చింది. వారం వారం కళ్ళ పరీక్ష చేయించుకునే వాడు ఈ ఊళ్ళో నేను తప్ప ఇంకొకడు ఉంటే చూపించమన్నాను.

ఇప్పటికి రెండొందల మందికి పైగా గిన్నె ముందు కూర్చున్నారు. ఆసుపత్రి మిషన్లు చెప్పే లెక్క కంటే మా దగ్గర జబ్బు ఉన్నవాళ్ళు తక్కువ తేలుతున్నారు. ఈ చుట్టుపక్కల జనం కళ్ళు బాగున్నాయని ఒక వ్యాసం రాస్తున్నాను. మా విభాగం హెడ్డు కూడా తన పేరు పెట్టుకుంటానన్నాడు, అంటే వ్యాసం బాగున్నట్టే.

కింది వరుస బల్బుల కంపెనీని మార్చాం. కొత్తవి కూడా పాతవాటికి తమ్ముళ్ళే. అనుమానం గారు ఇప్పుడు ఆ వరుస వెలిగించేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నాటకం.

నీ తమ్ముడు


ఇంటి వెనక గది
మే

తమ్ముడూ,

ఊరికే ఒక మాట అడుగుతున్నాను, పాఠం చెప్పకుండా జవాబియ్యి. సోమవారం నువ్వు కూర్చోకముందు, కింది వరుస దీపాలు మిగతా వాళ్ళకి కనపడతాయా? అంటే నీకు కనపడనప్పుడు, ఆ టెక్నీషియన్‌కి కనపడతాయా?

ఇంకోటి. నువ్వు కాక ఆ మిషనుని సరిచూసే మనిషి ఎవరైనా ఉన్నారా?

బంపరు బాగానే ఉంది.

అక్క


నేలమాళిగ
మే

అక్కకి,

నువ్వు ఇంత మర్యాదగా రాసేసరికి ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను. వెనక గదిలోంచి రాయడమేంటి? ముందు గది ఏమైంది?

కనపడతాయి. అనుమానం గారికి నేను పెంచకముందే కనపడతాయట, మా విద్యార్థులకి కూడా. కుర్ర కళ్ళకి ఏదైనా కనపడుతుంది, అది కొలత కాదు. అనుమానం గారిది నా వయసేగా అంటావేమో, ఆవిడకి లేనివి కూడా కనపడతాయి. ఇక సరిచూసే మనిషి ఎవరంటావా, ఎవరూ లేరు. సరిచూసేది నేనైతే నన్ను సరిచూసేది ఎవరు? అలా మొదలుపెడితే దానికి అంతెక్కడ?

కమిటీ వచ్చే నెల రెండో వారంలో వస్తుంది. కొత్త చొక్కా కొన్నాను.

నీ తమ్ముడు


ఇంటి వెనక గది
మే

తమ్ముడూ,

దానికి అంతు మా ఊళ్ళో ఉంది. చెప్తాను, కూర్చుని చదువు.

మూడు వారాల కింద దర్జీ కారు నడుపుతోంది, నేను పక్క సీట్లో ఉన్నాను. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ళ కార్లకి ఉంటుందిగా. రోడ్డు ఖాళీగా ఉంది. పోనీ, పోనీ అంటున్నాను. ఆవిడ ఉన్నట్టుండి బ్రేకు తొక్కేసింది. ఎప్పటిలాగే కళ్ళున్నాయా అని అరిచాను. ఆవిడ వేలు చూపించింది. కారుకి ముందు, బానెట్ అంచు దగ్గర, ఒక చిన్నపిల్ల రోడ్డు మీద కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. వేలు చూపించాక తల వంచితే కనపడింది. అంతకుముందు అక్కడ రోడ్డే ఉంది తమ్ముడూ. ఖాళీ రోడ్డు. నేను నా కళ్ళతో చూశాను.

ఆ పూట నేనే దిగి మీ బావకి తాళాలిచ్చాను. మర్నాడు ఇక్కడి కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. గర్వంగా నీ కాగితం కూడా పట్టుకెళ్ళాను, ఫ్రేములోంచి తీసి. ఆవిడ నా కంటి వెనక భాగం చూసింది, ఆసుపత్రి మిషను మీద కూర్చోబెట్టింది. రెండు కళ్ళకీ కింది భాగమంతా నల్లగా వచ్చింది. గ్లాకోమాయే. కంటి ప్రెషర్ మామూలుగానే ఉండి వచ్చే రకమట. ఆవిడ నీ కాగితాన్నీ తన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. నవ్వలేదు. తోడబుట్టిన వాళ్ళు ఉన్నారా అని అడిగింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. గుమ్మం ఎత్తుగా ఉంది, మెట్టు ఒకటి ఎక్కువుంది, బల్బులు మంచివి కావు. అన్నీ కిందివే. నీకు కనపడకపోతే మీవాళ్ళు దీపం పెంచారు. నీకు కనపడేంత పెంచాక నాకూ కనపడింది. ఇద్దరం ఒకే నాన్న పిల్లలం.

అది వెంటనే రాయలేదు. రెండు ప్రశ్నలు అడిగి చూశాను, నా లెక్క తప్పని నువ్వు చెప్తావేమోనని. నువ్వు చెప్పింది చదివాక ఇంక ఎదురుచూడటానికి ఏమీ మిగల్లేదు. కమిటీ రాకముందే మిషను ఆపు. రేపు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఒక బస్సు డ్రైవరు ఖాళీ రోడ్డు చూస్తాడు. వాడి పక్కన దర్జీ ఉండదు.

అక్క


దృష్టి పరిశోధన విభాగం
జూన్

గౌరవనీయులైన డ్రైవింగ్ స్కూలు యజమానురాలి గారికి,

తమరి ఉత్తరం అందినది. వెలుతురు కొలవడం మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన వాడి మిషనులో తప్పు, ముందు బంపర్లు మార్చడంలో అనుభవం గల తమరు కనిపెట్టినందుకు విభాగం తరఫున కృతజ్ఞతలు.

మీ ఊరి డాక్టరు గారి మిషను ఎప్పుడు కొన్నారో, ఎవరు సరిచూస్తున్నారో కనుక్కోగలరు. ఒకరి కంటి జబ్బుకి ఇంకొకరి మెట్లు సాక్ష్యం కావని కూడా గమనించగలరు. నాకు ఏ జబ్బూ లేదు. ఉంటే నాకే ముందు తెలిసేది, అదే నా పని కాబట్టి.

నీకు జబ్బు వచ్చినందుకు నాకు బాధగా ఉంది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. మందు వాడు. కానీ నీ బాధని నా మిషను మీద రుద్దకు. నాన్న చెయ్యి నువ్వు పట్టుకున్నావు, నేను పట్టుకోలేదు, నిజమే. దానికి ఇంతకాలం దెప్పావు, పడ్డాను. ఇది పడను.

ఇట్లు,
విభాగపు ప్రొఫెసర్


ఇంటి వెనక గది
జూన్

తమ్ముడూ,

గారు, తమరు అవతల పెట్టు. దెప్పినందుకు తప్పు నాదే, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను.

ఒక్క పని చెయ్యి. ఈ సోమవారం నువ్వు కూర్చున్నప్పుడు ఏ దీపాన్నీ పెంచొద్దని ఆ టెక్నీషియన్‌తో చెప్పు. అంతే. అన్నీ కనపడితే కమిటీకి కొత్త చొక్కా వేసుకో, నేను నీకు క్షమాపణ ఉత్తరం రాస్తాను, దానికి నువ్వే ఫ్రేము కట్టించుకో.

భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పు. నాకూ వేసింది. డాక్టరమ్మ ముందు చిన్నపిల్లలా ఏడ్చాను. మీ బావ బయట కూర్చుని అంతా విన్నాడు. అప్పుడు ఆయన మీద కోపం కూడా రాలేదు, అంత భయపడ్డాను.

అక్క


నేలమాళిగ
జూలై

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఏం జరిగిందో వరసగా చెప్తాను.

నీ ఉత్తరం అనుమానం గారికి చూపించాను. తను చదివి, పైకి వెళ్ళి వెలుగు కొలిచే మీటరు పట్టుకొచ్చింది. అది రెండంతస్తుల పైన కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి ఉంది. మా హెడ్డుకీ వాళ్ళ హెడ్డుకీ మాటల్లేవు కాబట్టి మేం ఎప్పుడూ అడగలేదు. ఈవిడ అడిగితే ‘తీసుకెళ్ళండి, మాకు ఊరికే పడి ఉంది’ అన్నారట. దానితో దీపాలన్నీ ఒకే వెలుగుకి పెట్టింది. సోమవారం నన్ను కూర్చోబెట్టింది.

పై వరసలు వచ్చాయి, నొక్కాను. మధ్య వరసలు వచ్చాయి, నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. కింది వరుస ఎప్పుడు వెలిగిస్తారని అడిగాను.

“వెలిగిస్తున్నాను సార్” అంది.

తల దించి నేరుగా చూశాను. వెలుగుతున్నాయి. తలెత్తి ఎర్ర చుక్కని చూశాను. లేవు. చీకటి కూడా లేదక్కా, తెల్లగా గిన్నె ఉంది అంతే. మళ్ళీ దించాను, మళ్ళీ ఎత్తాను. ఎన్నిసార్లు అలా చేశానో తెలీదు. పాఠాల్లో ఈ జబ్బు ఇలాగే ఉంటుందని చెప్పిన వాణ్ణి నేను. అనుమానం గారు దీపాలు ఆర్పేసి, నాకు మంచినీళ్ళిచ్చి, బయటికి వెళ్ళి కూర్చుంది. ఆవిడకి ఆ పేరు తీసేశాను. వేరే పేరు పెట్టే అర్హత నాకు లేదని ఏమీ పెట్టలేదు.

కమిటీ వచ్చింది. మిషను మంచిదే, దాన్ని సరిచూసిన కన్ను చెడిపోయింది, ఇంతవరకూ ఇచ్చిన ఫలితాలేవీ నమ్మకండి అని లేచి చెప్పాను. హెడ్డు నన్ను పక్కకి లాగి, మీ కళ్ళ సంగతి మీ సొంత విషయం, దాన్ని నివేదికలో కలపడం దేనికి అన్నాడు. వ్యాసం మీద మాత్రం తన పేరు ఆ సాయంత్రమే తీసేయించుకున్నాడు, ఫైలు అంత వేగంగా కదలడం ఇక్కడ నేనెప్పుడూ చూడలేదు. గిన్నె వాయిదా పడింది. మీటరుతో, వేరే పేషెంట్లతో, మొదటి నుంచీ అన్నీ చెయ్యాలి. ఎన్నేళ్ళో తెలీదు.

రెండొందల మందికీ నేనే ఫోన్లు చేస్తూ వచ్చాను. విద్యార్థులు చేస్తామన్నారు, వద్దన్నాను. మీ కళ్ళు బాగున్నాయని చెప్పాం, అది తప్పు కావచ్చు, వెంటనే డాక్టరుకి చూపించుకోండి అని చెప్తాను. కొందరు తిడతారు. ఒకాయన మర్యాదగా ‘ఫర్వాలేదు సార్, మీరు కావాలని చెయ్యలేదుగా’ అన్నాడు, ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. అందరూ చివరికి ఒకటే అడుగుతారు. మీ మాట నమ్మి ఊరుకున్న ఈ నెలల్లో నాకు ఎంత పోయింది అని. నేను జవాబు చెప్పలేను. అయినా అడగనిస్తాను, వాళ్ళు అడిగేదాకా ఫోన్ పెట్టను.

అందరికీ చెప్పడం అయిపోయింది. నువ్వు ఒక్కదానివే మిగిలావు. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చెయ్యలేకపోయాను. నీ ఉత్తరాలు వెతికాను, ఎక్కడా నువ్వు ఆ మాట అడగలేదు. మార్చిలో కాగితం ఇచ్చాను. హాయిగా పడుకున్నానని రాశావు.

అడుగు అక్కా.

నీ తమ్ముడు


డ్రైవింగ్ స్కూలు, ముందు గది
జూలై

తమ్ముడికి,

మళ్ళీ ముందు గదిలోకి వచ్చేశాను. కారు ఎక్కడం లేదు, ఎక్కను కూడా. ఇక్కడే కూర్చుని రోడ్డు గుర్తులు, నియమాలు చెప్తున్నాను. ఇంత విసుగ్గా చెప్పేవాళ్ళు చుట్టుపక్కల లేరని పేరొచ్చింది. రోజూ రెండు పూటలా చుక్కలు వేసుకుంటున్నాను. మీ బావ వేస్తానంటాడు, కన్ను వదిలేసి చెంప మీద వేస్తాడు, అందుకని నేనే వేసుకుంటున్నాను.

నువ్వు కమిటీ ముందు లేచి నిలబడి చెప్పిన సంగతి చదివాను. గర్వంగా అనిపించింది. ఇంతకుముందు నీ గురించి నలుగురికీ చెప్పినప్పుడు కలిగిన గర్వం ఇది కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇక అడగమన్నావు. నీ దగ్గర జవాబు లేదని నువ్వే రాశావు, మరి నిన్నెందుకు అడగడం? డాక్టరమ్మని అడిగాను. అడగ్గానే చెప్పింది. మార్చిలోనే మందు మొదలుపెట్టి ఉంటే ఎంత మిగిలేదో కాగితం మీద గీసి మరీ చూపించింది. అది ఎంతో నాకు తెలుసు. నీకు చెప్పను.

కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. పొద్దున్న నిద్ర లేచాక కాసేపు నీ మీద కోపంగానే ఉంటాను, తర్వాత పనిలో పడతాను. తగ్గుతుందో లేదో తెలీదు. తగ్గాలనే ఉంది.

నీ ఉత్తరం అంతా వెతికాను. రెండొందల మందిని డాక్టరు దగ్గరికి పంపావు, ఫోన్లో ఎవరేమన్నారో అన్నీ రాశావు, నువ్వు వెళ్ళినట్టు మాత్రం ఎక్కడా లేదు. వెళ్ళలేదన్నమాట. శిక్ష వేసుకుంటున్నావు కాబోలు. ఆ పని నాది, నువ్వు లాక్కోకు. వచ్చే గురువారం మా డాక్టరమ్మ దగ్గర నీకు టైము తీసుకున్నాను. బస్సులో రా, మీ బావ స్టాండుకి వస్తాడు. చుక్కలు రాసిస్తే ఒక్క పూట కూడా మానకుండా వెయ్యి.

నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది, ఏళ్ళు పడుతుంది. నేను తిడుతున్నంతకాలం నా మొహం నీకు కనపడుతూ ఉండాలి.

అక్క